తెర మీద 82.9 లక్షల పిక్సెళ్లు, ఖాతాలో ఇరవై రోజుల డబ్బు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. జీతంలో 60 శాతం ఇంటి ఖర్చులకు పోతుంది. నిరుడు వాయిదాల మీద 4కే మానిటర్ కొన్నాను, ఇంకా ఐదు వాయిదాలున్నాయి. నా ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు ఆ తెర మీద కొత్త ఆటలను నడపలేక తడబడుతోంది. ఆర్‌టీఎక్స్ 5090 తీసుకుందామనుకుంటున్నాను. దాని ధర నా మూడు నెలల జీతం. ఒక రుణ సంస్థ 12 శాతం ఫ్లాట్ వడ్డీకి రెండేళ్ల అప్పు ఇస్తానంది. పొదుపు ఖాతాలో ఇరవై రోజుల ఖర్చుకు సరిపడా ఉంది. అన్నిటికన్నా మంచిది ఒకేసారి కొంటే ఐదారేళ్లు నిశ్చింత కదా?

జవాబు: ఈ అప్పు తీసుకోకండి. కార్డు సంగతి తర్వాత, ముందు ఆ ఇరవై రోజుల సంగతి చూడాలి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి కెమెరా, ఒకరికి బైకు, మీకు గ్రాఫిక్స్ కార్డు. వస్తువు మారినా వాదన మారదు: మంచిది ఒకేసారి కొంటే మళ్లీ ఖర్చుండదని. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఈ వాదన మరీ బలహీనం. ఆర్‌టీఎక్స్ 20 శ్రేణి 2018లో వచ్చింది, 30 శ్రేణి 2020లో, 40 శ్రేణి 2022లో, 50 శ్రేణి 2025 జనవరిలో. ఇంచుమించు రెండేళ్లకో తరం. మీ అప్పూ రెండేళ్లదే. చివరి వాయిదా కట్టేనాటికి దుకాణంలో దీనికన్నా వేగమైనది ఉండే అవకాశమే ఎక్కువ. మానిటర్ బాకీ తీరకముందే కార్డు కోసం వెతుకుతున్న మనిషి అప్పుడు దానివైపు చూడకుండా ఉంటాడంటే నేను నమ్మను.

నిజానికి ఖర్చు మానిటర్ కొన్న రోజే మొదలైంది. మామూలు ఫుల్ హెచ్‌డీ (1080పీ) తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఉంటే 4కే తెరలో 82.9 లక్షలు, అంటే సరిగ్గా నాలుగింతలు. ప్రతి ఫ్రేములోనూ వాటన్నిటినీ కార్డే గీయాలి. 8 జీబీ మెమరీ ఉన్న 3070 అక్కడ ఆయాసపడటంలో వింత లేదు. ఇప్పుడు 5090 తెస్తే ఖర్చు ఇంకో మెట్టెక్కుతుంది. అది 575 వాట్ల కార్డు. తయారీ సంస్థ దానికి 1000 వాట్ల పవర్ సప్లై (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) సూచిస్తోంది, 3070కి సూచించింది 650. మీ లెక్కలో పవర్ సప్లై ఎక్కడా లేదు. అది క్రెడిట్ కార్డు మీదకే వెళుతుందని నా అనుమానం. నెలకు 3 శాతం వడ్డీతో ఆ బాకీని మోస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది.

ఇక ‘ఫ్లాట్’ అన్న మాట. అది వినగానే లేచి వచ్చేయాల్సింది. మీరు అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదటిరోజు మొత్తం మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఈ 12 శాతం దాదాపు 21.6 శాతం. మూడు నెలల జీతం తీసుకుని 3.72 నెలల జీతం కడతారు. నెలకు జీతంలో 15.5 శాతం.

ఆ 15.5 శాతాన్నే అత్యవసర నిధిలో వేయండి. రెండేళ్లలో అదే 3.72 నెలల జీతం మీ దగ్గర పోగవుతుంది. జీతంలో 60 శాతమే ఖర్చు కాబట్టి దానితో ఆరు నెలలు ఇల్లు గడుస్తుంది. నేను ఎవరినైనా ముందు అడిగేది ఆ ఆరు నెలల నిధి గురించే. అప్పు చేస్తే రెండువైపులా దెబ్బ: దాచే శక్తి తగ్గుతుంది, వాయిదా కూడా నెల ఖర్చులో చేరి దాచాల్సిన మొత్తం పెరుగుతుంది. ఈలోగా ఉద్యోగం పోతే ఇరవై ఒకటో రోజున ఏం చేస్తారు? కార్డు అమ్ముతానంటారేమో. 2022లో క్రిప్టో ధరలు పడిపోయి, సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం మైనింగే (ఆ క్రిప్టో నాణేల సంపాదనే) ఆగిపోయినప్పుడు వాడిన కార్డులు గుట్టలుగా అమ్మకానికొచ్చి వాటి ధరలు జారిపోయాయి. అవసరంలో అమ్మేవాడికి బేరమాడే ఓపిక ఉండదు. కార్డు చేయి దాటినా అప్పు మిగిలే ఉంటుంది.

ఆట మానమని అనను. రాత్రిళ్లు నేనూ ఆడేవాణ్ణే. మీ 3070లో డీఎల్ఎస్ఎస్ అనే సదుపాయం ఉంది. దాన్ని పర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే కార్డు 1080పీలో గీసి 4కేకి పెంచి చూపిస్తుంది. టెక్స్చర్ల (ఆటలోని వస్తువుల మీద పరిచే బొమ్మల) స్థాయి ఒక మెట్టు దించితే 8 జీబీ మీద భారమూ తగ్గుతుంది. దగ్గర నుంచి చూస్తే తేడా కనబడుతుంది, కానీ ఆట సాగుతుంది. మధ్యశ్రేణి కార్డో, వారంటీ మిగిలున్న వాడిన కార్డో కావాలంటే నిధి నిండాక, చేతిలో డబ్బుతో చూసుకోండి. ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఐదు నెలల తర్వాత మానిటర్ బాకీ తీరుతుంది. ఆ వాయిదా డబ్బునూ నిధిలోకే మళ్లించండి. కొత్త కీబోర్డు కొనకండి.