ఇలియడ్ రెండో సర్గలోనే ఆగిపోతున్నాను, ఎలా ముందుకెళ్లాలి?

ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం గురించిన ఈ హోమర్ కావ్యంలో చాలామంది ఆగేది అక్కడే. 484వ పంక్తి నుంచి ఓడల జాబితా మొదలవుతుంది: ఏ ఊరివాళ్లు, ఎవరి నాయకత్వంలో, ఎన్ని ఓడలతో వచ్చారన్నది. మొదటిసారి దాన్ని దాటేసి మూడో సర్గకు వెళ్లండి, కథేమీ తెగదు.

అసలు చిక్కు పేర్లతోనే. అకియన్లు, ఆర్గైవులు, డానాన్లు అన్నా గ్రీకు సేనే. దాశరథి అంటే రాముడైనట్టు, పీలియస్ కొడుకంటే అకిలీజ్. 'ఆట్రియస్ కొడుకు' దగ్గర మాత్రం జాగ్రత్త: అగమెమ్నాన్ కావచ్చు, తమ్ముడు మెనెలాస్ కావచ్చు. గ్రీకులు, ట్రాయ్ వాళ్లు, రెండు పక్షాల పేర్లూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

తీరిక లేకపోతే మొత్తం 24 సర్గల్లో 1, 6, 9, 16, 18, 22, 24 చాలు. గ్రీకులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి చొరబడిన చెక్క గుర్రం కోసం మాత్రం వెతక్కండి. ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతోనే కావ్యం అయిపోతుంది. గుర్రం సంగతి హోమర్ మరో కావ్యం ఒడిస్సీ ఎనిమిదో సర్గలో వస్తుంది.

పంక్తి సంఖ్యలున్న అనువాదమే కొనండి. అవి లేకపోతే వ్యాఖ్యానం చెప్పే చోటు దొరకదు.