టోపీ తీసి ఒక ఫోటో పంపు

ఒరేయ్ అబ్బాయ్,

మొన్న నువ్వు పంపిన ఆరు ఫోటోలూ చూశాను. అన్నీ హీరోలవీ ఆటగాళ్లవీ. "మామయ్యా, యాభై దాటినా వీళ్లకు జుట్టు ఇంత ఒత్తుగా ఎలా ఉంది, ఏం నూనె రాస్తారు?" అని కింద రాశావు. నీ ఫోటో ఒక్కటీ లేదు. ఇంట్లో కూడా టోపీ తీయడం లేదనీ, లేవగానే దిండు మీద వెంట్రుకలు ఏరి లెక్కపెడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఇరవై ఆరేళ్లకే నెత్తి పలచబడితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసురా. ముప్పై ఏళ్లు నాటకాలకూ సినిమాలకూ విగ్గులు అమర్చిన చేతులివి. ఆ తలలు ఎవరివో చెప్పను, వాళ్లకు ఇచ్చిన మాట అది. పని ఎలా జరుగుతుందో మాత్రం దాచకుండా చెప్తాను.

నూనె సంగతి ముందే తేల్చేద్దాం. మగవాళ్లకు నుదుటి దగ్గరా మాడు మీదా ఊడే జుట్టుకు కారణం వంశంలోనూ హార్మోన్లలోనూ ఉంది. డీహెచ్‌టీ అనే హార్మోన్ కుదుళ్లను ఏళ్ల తరబడి చిన్నవి చేస్తూ పోతుంది, వెంట్రుక సన్నబడి, పొట్టిదై, చివరికి రావడమే మానేస్తుంది. దాన్ని ఏ నూనే ఆపలేదు. యాభై ఏళ్లు వచ్చేసరికి దాదాపు సగం మంది మగవాళ్లకు ఎంతో కొంత ఇది ఉంటుంది, పేరున్న వాళ్లకు మినహాయింపేమీ లేదు. కాకపోతే వాళ్ల తల వెనక నాలాంటి వాడు ఒకడు ఉంటాడు.

విగ్గంటే టోపీలా నెత్తిన పెట్టేది అనుకుంటావు. కెమెరా దగ్గరగా వచ్చే మనిషికి కట్టేది అలా ఉండదు. నుదుటి దగ్గర దోమతెర కంటే పలచని లేసు ఉంటుంది, చివర కొక్కెం ఉన్న సన్నని సూదితో ఒక్కో వెంట్రుకనూ దానికి ముడి వేస్తారు. ముందు వరుస పలచగా, కాస్త అడ్డదిడ్డంగా ఉండాలి. గీత గీసినట్టు ఉంటే ఇట్టే దొరికిపోతుంది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, గమ్ పూసి, అది వేలికి బంకగా తగిలేదాకా ఆగి, అప్పుడు లేసును మధ్యలోంచి పక్కలకు తడిగుడ్డతో అద్దుకుంటూ పోవాలి. తొందరపడితే అంచు ముడత పడుతుంది, మళ్లీ మొదటికి. ఇంత చేసినా లైట్ల వేడికి చెమట పట్టి అంచు లేస్తుంది, అందుకే షాట్‌కీ షాట్‌కీ మధ్య గమ్ సీసా, దువ్వెన పట్టుకుని పక్కనే నిలబడతాం. పైనుంచి గట్టి లైటు పడితే మాడు కనబడుతుందని లైటు పెట్టేవాళ్లకూ తెలుసు. నువ్వు పంపిన ఫోటోల్లాంటివి ఇలా తయారవుతాయి. వాటి పక్కన బాత్రూం అద్దంలో నీ తల పెట్టి పోల్చుకుంటున్నావు.

ఇదేమీ ఈనాటిది కాదు. జూలియస్ సీజర్ వెనక జుట్టును ముందుకు దువ్వుకునేవాడని, తనకు దక్కిన గౌరవాల్లో ఎప్పుడూ ఆకుల కిరీటం పెట్టుకునే హక్కునే ఎక్కువ ఇష్టపడ్డాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. 1962లో మొదటి బాండ్ సినిమా నాటికే షాన్ కానరీ విగ్గుతో ఉన్నాడు.

నిన్ను బాగా ఆలోచించమనేది మాత్రం ఆండ్రీ అగస్సీ గురించి. పొడుగు జుట్టుతో కుర్రకారుకు పిచ్చెక్కించిన టెన్నిస్ ఆటగాడు, ఆ జుట్టులో చాలా భాగం విగ్గు. 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కు ముందు రాత్రి స్నానం చేస్తుంటే అది విడిపోయింది. పిన్నులు పెట్టి ఎలాగో నిలబెట్టుకుని కోర్టులోకి వెళ్లాడు, అక్కడ వార్మప్‌లో దేవుణ్ణి కోరుకున్నది గెలుపు కాదు, విగ్గు ఊడిపడకుండా ఉంటే చాలని. ఆ మ్యాచ్ ఓడిపోయాడు. ఇదంతా 2009లో వచ్చిన ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1999లో, అదే టోర్నీని గుండుతో గెలిచాడు. గుండు వల్ల గెలిచాడని నేను అనను. కానీ తల మీద చెయ్యి ఎక్కడ పడుతుందో, గాలి ఎటు వీస్తుందో చూసుకుంటూ బతికే మనుషుల్ని నేను దగ్గర్నుంచి చూశాను. వానలో తడవరు, ఎవరి భుజం మీదా తల వాల్చి నిద్రపోరు. జుట్టు పోయిన బాధ కంటే గుట్టు బయటపడుతుందన్న భయమే వాళ్లను ఎక్కువ తినేసింది. నువ్వు టోపీ తీయకపోవడం నాకు అందుకే నచ్చలేదు.

రజనీకాంత్‌ను చూడు. తెర మీద విగ్గు, బయట బట్టతల, నెరిసిన జుట్టు. విగ్గు ఆయనకు పనిలో భాగం, సెట్లోనే వదిలేసి వస్తాడు. నువ్వు కూడా ప్యాచ్, అంటే ఖాళీ ఉన్నచోట అతికించే చిన్న విగ్గు, పెట్టుకోవాలనుకుంటే పెట్టుకో, తప్పేం లేదు. అయితే రెండు మూడు వారాలకోసారి తీసి, కడిగి, మళ్లీ అతికించాలి. ఇంట్లోవాళ్లకూ, దగ్గరి స్నేహితులకూ మొదటి రోజే చెప్పెయ్.

ట్రాన్స్‌ప్లాంట్ గురించి అడిగావు. ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ రూనీ 2011లో, పాతికేళ్ల వయసులో చేయించుకుని తనే అందరికీ చెప్పేశాడు. అందులో కొత్త జుట్టు పుట్టించేది ఏమీ లేదు, తల వెనక గట్టిగా ఉండే కుదుళ్లను తీసి ముందు నాటుతారు. వెనక ఉన్న సరుకు అంతే, అయిపోతే మళ్లీ రాదు. నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లోనే రాలిపోతాయి, అది చూసి హడలిపోతారు, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి, పూర్తి ఫలితం కనబడటానికి ఏడాది పడుతుంది. నీ వయసులో ఇంకో చిక్కుంది. ముందు నాటించుకున్నది నిలుస్తుంది, దాని వెనక ఉన్న సొంత జుట్టు ఊడుతూనే ఉంటుంది, పదేళ్లకు మధ్యలో ఖాళీ పడి ద్వీపంలా మిగులుతుంది. అలాంటి తలలు సర్దడం నాకు చాలా కష్టమైన పని. కాబట్టి రేపే చేసేస్తామనే చోటికి వెళ్లకు.

ముందు చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరకు వెళ్లు. గుండ్రంగా మచ్చల్లా ఊడినా, జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలినా అది వేరే కథ, థైరాయిడ్, ఐరన్ కూడా చూస్తారు. వంశపారంపర్యమే అయితే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ అనే మందుల గురించి చెప్తారు. మొదటిది తలకు రాసేది, మొదట్లో కొంత జుట్టు రాలుతుంది, నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి, ఆపేస్తే వచ్చింది పోతుంది. రెండోది మాత్ర. కొద్దిమందికి లైంగిక సమస్యలు, మనసు దిగులుగా ఉండటం వంటివి రావచ్చు, అందుకే నీ అంతట నువ్వు కొనుక్కుని మింగొద్దు, సిగ్గుపడకుండా అన్నీ డాక్టర్‌ని అడుగు. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడటం ఎవరికైనా మామూలే, కాబట్టి ఆ దిండు లెక్క ఇవాళే ఆపు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేలోపు జుట్టు మాత్రం పొట్టిగా కత్తిరించు. పలచటి జుట్టును పొడుగ్గా పెంచి అడ్డంగా దువ్వితే ఉన్న ఖాళీ ఇంకా ఎక్కువ కనబడుతుంది. ప్రిన్స్ విలియమ్ 2018లో ఒక్కసారిగా పొట్టిగా కొట్టించుకున్నాక ఎంత తేటగా కనిపించాడో చూడు. గడ్డం నీకు బాగా ఉంటుంది, దాన్ని పెరగనీ.

ఈ ఆదివారం పగటి వెలుతురులో, తల ఆరాక, నుదురు ఒకటి, మాడు ఒకటి, వెనక వైపు ఒకటి, మూడు ఫోటోలు తీసి నాకు పంపు. మూడు నెలలకోసారి అదే చోట నిలబడి మళ్లీ తీయి, అప్పుడే నిజంగా ఎంత మారిందో తెలుస్తుంది. నాలుగోది నీ ముఖం ఫోటో. టోపీ లేకుండా.

నీ మామయ్య