స్లాబు నడుమ దిగుతున్నదన్న తమ్ముడికి

తమ్మీ, మిర్యాలగూడలో 16 అడుగుల హాలు స్లాబు స్లాగ్ సిమెంటుతో (ఇనుము కొలిమిల మిగిలే తెట్టు పొడి కలిపిన సిమెంటు) పోసి, ఎనిమిదో రోజే సెంట్రింగ్ విప్పి, పైన ఇటుకలు పేర్చినవ్. నాలుగు నెలలకు నడుమ 12 మిల్లీమీటర్లు దిగింది, సిమెంటు నాసిరకమా అని అడిగినవ్. నాకైతే సిమెంటు మీద అనుమానం లేదు. స్లాగ్ నిదానంగా గట్టిపడుతది. ఇంకా పచ్చిగున్న కాంక్రీటు మీద బరువు అట్లనే నిలిచి ఉంటే అది నెలల తరబడి వంగుతనే ఉంటది, దీన్నే క్రీప్ అంటరు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 లెక్కల 7 రోజులకు బరువు పడితే క్రీప్ గుణకం (బరువు పడంగనే కాంక్రీటు నొక్కుకునేదానికి, తర్వాత మెల్లగ ఎన్ని రెట్లు నొక్కుకుంటదో చెప్పే అంకె) 2.2, 28 రోజులకైతే 1.6. 4.5 మీటర్లు దాటిన స్లాబుకు మామూలు సిమెంటుకే 14 రోజులు జాకీలు ఉంచాలె. నీది దాదాపు 4.9 మీటర్లు. ఆ ఒక్క వారం కోసం మేస్త్రీలు తొందరపడతరు, చూస్తే బాధైతది.

ఇవాళే ఇటుకలు దించేయ్. దిగిందంతా తిరిగి రాదు, కొంచెమే లేస్తది. నిడివిలో 250వ వంతు హద్దు, అంటే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇంకా లోపలే ఉన్నవ్. ఎదురెదురు గోడలకు మేకులు కొట్టి, దారం బిగించి లాగి, నడుమ దారానికీ స్లాబుకూ సందు నెలకోసారి కొలిచి రాసిపెట్టు. దిగుడు నెమ్మదించేదాక పైన గోడలు, టైల్స్ వద్దు. కింద నడుమ పగులు వెంట్రుక మందం దాటితే మాత్రం ఆలస్యం చేయకుండ జాకీలు పెట్టి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలువు.