బాటిల్ మీద బంక నీళ్లకు లొంగదు, నూనెకు లొంగుతుంది

నీళ్ల బాటిళ్ల లేబుల్ పీకాక మిగిలే బంక ఎలా పోతుందని అడిగారు. ముందు ఒక మాట. ఆ బాటిళ్లు ఇంట్లో వాడుకోవడానికా, పాత సామాన్ల వాళ్లకు వేయడానికా? వేయడానికైతే ఈ తిప్పలేమీ వద్దు. రీసైక్లింగ్ ప్లాంట్లలో బాటిళ్లను ముక్కలు చేసి వేడి కాస్టిక్ సోడా నీళ్లలో కడుగుతారు, బంక అక్కడ పోతుంది. తొలిపి, నలిపి ఇస్తే చాలు. నేను ఒక ఆదివారమంతా కూర్చుని బంక గీకి ఇస్తే, బండి అతను నవ్వి "కేజీ లెక్కే కదమ్మా, బంకతో నాకేం పని" అన్నాడు.

మొక్కలకో, పోపు సామాన్లకో వాడుకుంటానంటే మాత్రం బంక తీయాల్సిందే. లేకపోతే దుమ్మంతా దానికే పడుతుంది.

నేను మొదట సబ్బునీళ్లలో నానబెట్టి స్టీలు పీచుతో తోమాను. బంక పోలేదు సరికదా, బాటిల్ నిండా గీతలు పడ్డాయి. ఇంకోసారి తెలివి మీరి మరిగే నీళ్లు పోశాను. లీటరు బాటిల్ కళ్లముందే ముడుచుకుపోయి వాడిన వంకాయలా తయారైంది. అడుగున త్రికోణంలో 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్, 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. చెయ్యి పెట్టగలిగే వేడికి మించి వద్దు.

ఇప్పుడు చేసేది ఇది. బాటిల్‌ను అరగంట ఎండలో ఉంచి, వేడి మీదే లేబుల్‌ను మెల్లగా లాగుతాను. చుట్టూ తిప్పిన లేబుల్‌కు బంక నిలువుగా ఒకట్రెండు పట్టీలే ఉంటుంది. చెంచాడు కొబ్బరినూనె, అంతే వంటసోడా కలిపి ఆ పట్టీ మీద పట్టించి పావుగంట వదిలేస్తాను. ఆ తర్వాత బొటనవేలితో రుద్దితే, నలుగు పెట్టినప్పుడు మట్టి ఊడినట్టు ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది. చివర్లో గిన్నెల సబ్బుతో కడగడం మర్చిపోకండి. బంక పోయి జిడ్డు మిగిలితే లాభమేముంది!

కాగితం లేబుల్ అయితే రాత్రంతా నీళ్లలో ఉంచండి, కాగితం ఊడిపోయాక మిగిలిన బంకకు మళ్లీ నూనే. షాంపూ డబ్బాల స్టిక్కర్లు మొండివి. వాటికి దూదితో రెండు చుక్కల నీలగిరి తైలం రాస్తాను.

కిరసనాయిలు, పెట్రోలు జోలికి పోకండి. వంటింట్లో అసలే వద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా ఒకసారి రాసి చూశాను, రాసినచోట బాటిల్ తెల్లగా మసకబారిపోయింది.

కొన్ని డబ్బాలకు లేబుల్‌ను తయారీలోనే ప్లాస్టిక్‌తో కలిపేస్తారు. గోటికి అంచే దొరకదు. అలాంటిది ఒకటి మా బాల్కనీలో ఉంది. కాసేపు కుస్తీ పట్టి, వల్లకాక బొమ్మ ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాను. అందులో పుదీనా బాగానే వస్తోంది.