మిత్రసేన విమానమే ఊరి బడి మీద కూలితే జనం ఆ సైనికుల్ని ఎలా చూస్తారు?

యుద్ధంలో సొంత పక్షం విమానమే ఇళ్ళ మీద పడితే జనానికి ఆ సైనికుల మీద కోపం రాదా అని అడిగారు. నేను కొన్నేళ్ళుగా ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ దగ్గర ఉంటున్నాను. మాకు దగ్గర్లోనే ఫ్రెకిల్టన్ అనే ఊరుంది. నాకు తెలిసిన జవాబు అక్కడిదే.

ఆ ఊరి పక్కనే వార్టన్‌లో రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళం డిపో ఉండేది. విమానాలకు రిపేర్లు చేసి, ఎగిరించి చూసి యుద్ధానికి పంపేవారు. (ఇప్పుడు అక్కడ యుద్ధవిమానాలు తయారుచేసే బీఏఈ కంపెనీ ఉంది. మన వాయుసేనకు మొదట్లో వచ్చిన జాగ్వార్ యుద్ధవిమానాలు అక్కడ తయారైనవే.) 1944 ఆగస్టు 23 ఉదయం రెండు బి-24 లిబరేటర్ బాంబర్ విమానాలు టెస్టుకని లేచాయి. ఇంతలో ఉరుములు, మెరుపులతో గాలివాన కమ్ముకొచ్చింది. వెనక్కి రమ్మని కబురు పెట్టారు. ఒకటి గాలివాన నుంచి పక్కకు తప్పుకుని బయటపడింది. రెండోది రన్‌వే దాకా రాలేకపోయింది. చెట్టుకొమ్మల్ని కొట్టుకుని, మూడు ఇళ్ళనూ సైనికులు టిఫిన్‌కి వెళ్ళే ఒక స్నాక్ బార్‌నూ ధ్వంసం చేసింది. మండుతున్న పెట్రోలు హోలీ ట్రినిటీ బడిలో చిన్నపిల్లల తరగతి మీద పడింది. మొత్తం 61 మంది పోయారు. అందులో 38 మంది పిల్లలు.

మరి కోపం? ఉండే ఉంటుంది, పిల్లలు పోయాక ఎవరికి ఉండదు! కానీ ఆ స్నాక్ బార్‌లో అమెరికా సైనికులు కూడా చనిపోయారు. విమానంలోని ముగ్గురూ పోయారు. శిథిలాల్లో చేతులతో వెతికిందీ, తర్వాత ఆ చిన్న శవపేటికలు మోసిందీ డిపో వాళ్ళే. రోజూ వీధిలో కనబడి పిల్లలకు చూయింగ్ గమ్ పంచిన కుర్రాళ్ళు పక్కన నిలబడి ఏడుస్తుంటే, శత్రువు మీద వచ్చే కోపం లాంటిది వాళ్ళ మీద ఎలా వస్తుంది? నాకు అర్థమైనంతవరకు అసలు సంగతి ఇదే.

నాకు ఒళ్ళు మండేది మాత్రం విచారణ నివేదిక విషయంలో. కచ్చితమైన కారణం తేలలేదన్నారు, సరే. గాలివాన ఎంత ప్రమాదమో పైలట్‌కు దిగే ముందు దాకా తెలిసి ఉండదని, అప్పటికి తప్పించుకునేంత ఎత్తు, వేగం లేవని రాశారు. ఇక్కడికొచ్చే అమెరికా పైలట్లలో చాలామంది బ్రిటన్ గాలివానలంటే ఏదో చిన్న జల్లు అనుకుంటారట, ఇకపై వాళ్ళను గట్టిగా హెచ్చరించాలట. ఆ హెచ్చరిక ముందే చేసి ఉండొచ్చు కదా! ఇక్కడ సముద్రం వైపు నుంచి గాలి లేస్తే నా కారు డోరు చేతిలో నిలవదు.

డిపో సైనికులే డబ్బు పోగుచేసి ఊరి పిల్లలకు ఆటస్థలం కట్టించారు. 1945 ఆగస్టులో తెరిచారు. అక్కడి రాతిఫలకంలో తమను తాము 'పొరుగువాళ్ళు' అని రాసుకున్నారు, జరిగింది ఇద్దరికీ నష్టమేనన్నారు. మా పాపను అక్కడికి తీసుకెళ్ళినప్పుడు తను ఊయల దిగనంది, నేను ఆ ఫలకం చదువుతూ నిలబడ్డాను. చర్చి ఆవరణలో పిల్లల సమాధి దగ్గరికి మాత్రం తనను తీసుకెళ్ళలేదు.

అంతా సవ్యంగా సర్దుకుపోయిందని చెప్పను. మా వీధిలో ఉండే పెద్దావిడ చిన్నప్పటి కబుర్లు గంటలకొద్దీ చెబుతుంది, ఈ ఊసెత్తితే మాత్రం టీ పెట్టడానికి లేస్తుంది. స్మారక హాలు కోసం అప్పట్లోనే చందాలు మొదలైతే, అది తెరుచుకుంది 1977లో. విమానం పడిన చోట గుర్తుగా ఫలకం పెట్టింది 2007లో. ఎప్పుడైనా ఇటువైపు వస్తే ముందు ఆటస్థలం చూడండి, ఆ తర్వాతే చర్చికి వెళ్ళండి. ఊళ్ళో పెద్దవాళ్ళను మీరుగా కదిలించకండి, వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.