హైబ్రిడ్ కారులో ఫుల్ ట్యాంక్ తర్వాత గేజ్ ఎందుకు కదలదు? నాజిల్ ఆగాక ఇంకా పోయించవచ్చా?

పోయించకండి. ట్యాంకులోని ఫ్లోట్ పైహద్దుకు చేరాక ఎంత పోసినా గేజ్‌కి తెలియదు. ఆ అదనపు పెట్రోలు ఖర్చయ్యేదాకా గీత తగ్గదు. మైలేజీ ఎక్కువ కాబట్టి హైబ్రిడ్‌లో ఆ దూరం మరీ పొడవుగా అనిపిస్తుంది. తర్వాత గీత తగ్గితే లీకేజీ అనుకోకండి. వాలులో ఆపితే రీడింగ్ తప్పుతుంది.

అసలు నష్టం కానిస్టర్‌కి, అంటే ట్యాంకు ఆవిరి బయటికి పోకుండా పట్టే డబ్బాకి. అందులోని బొగ్గు గుళికలు ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచుతాయి, ఇంజిన్ నడిచేటప్పుడు దాన్ని లోపలికి పీల్చి కాల్చేస్తుంది. ఓవర్‌ఫిల్ చేస్తే ఆవిరి గొట్టంలోంచి ద్రవ పెట్రోలే అక్కడికి చేరవచ్చు. బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో హైబ్రిడ్ చాలాసేపు బ్యాటరీ మీదే కదులుతుంది, ఇంజిన్ ఆగి ఉంటుంది, కాబట్టి తడిసిన గుళికలు ఆరడం ఇంకా ఆలస్యం. ఫుల్ చేయించిన వెంటనే ఇంజిన్ తడబడినా, పెట్రోలు వాసన వచ్చినా, చెక్ ఇంజిన్ లైటు వెలిగినా ముందు పర్జ్ వాల్వ్ (కానిస్టర్‌లోని ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్), కానిస్టర్ చూపించండి. బాగా తడిస్తే కానిస్టర్ మార్చాల్సి రావచ్చు.

వేగంగా పోస్తే నురగకే నాజిల్ ముందుగా ఆగుతుంది, అందుకే బంకులో నెమ్మదిగా పోయమనండి. మూత క్లిక్ వినిపించేదాకా తిప్పండి. మైలేజీ లెక్కకు ప్రతిసారీ నాజిల్ మొదటిసారి దానంతటదే ఆగిన దగ్గరే ఆపించండి. బిల్లు లీటర్ల మీద అనుమానముంటే బంకులో 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడగవచ్చు.