పుచ్చు కొంచెం లోపలే వదిలేసి మూసేశారు, ఫర్వాలేదా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. కింది దవడ పన్ను బాగా పుచ్చింది, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందనేవాడు. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, పుచ్చంతా తీస్తే నరం బయటపడుతుందని అడుగున కొంచెం వదిలేసి, తెల్లటి మందేదో పెట్టి, పైన సిమెంట్‌తో మూసేశారు. "దొంగని లోపల పెట్టి తాళం వేసినట్టుంది వదినా, రేపు రూట్ కెనాల్ తప్పదు" అని మా ఆడపడుచు అంటోంది. నాకు ఒకటే టెన్షన్.
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మీ ఆడపడుచు అన్నది సగం నిజమేనమ్మా, బ్యాక్టీరియా లోపలే ఉంది. కానీ తలుపేశాక దానికి తిండి ఎవరు పెడతారు? మనం తినే తీపీ పిండీ అందితేనే అది యాసిడ్ తయారుచేసి పంటిని తొలుస్తుంది. పైన గట్టిగా మూసేస్తే చాలావరకు చస్తుంది, మిగిలిన కాస్తా నీరసించి పడుంటుంది. మొదటిరోజు చిన్న చెంచాలాంటి పనిముట్టుతో గీకితే తడితడిగా పెచ్చుల్లా లేచొచ్చే ఆ పుచ్చే, కొన్ని నెలల తర్వాత తెరిచి చూస్తే నల్లబడి, పొడిబారి, గట్టిపడి ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో మెత్తటిదంతా గీకేయాల్సిందే అనేవారు, అలా గీకి నరం దాకా వెళ్లి రూట్ కెనాల్ చేసిన పళ్లు ఎన్నో.

ఆ తెల్లటి మందు బహుశా కాల్షియం హైడ్రాక్సైడ్ అయ్యుంటుంది. 1920 నుంచీ పళ్ల వైద్యంలో ఉంది, తమలపాకుకు రాసే సున్నంలో ఉండేదీ అదే. (అలాగని ఇంట్లో సున్నం తీసి పంటిలో పెట్టకండి, నోరు పొక్కుతుంది.) దాని ఘాటుకి తగిలిన బ్యాక్టీరియా చస్తుంది, నరం తన వైపు నుంచి కొత్త పొర కట్టుకోవడానికీ అది ఊతమిస్తుంది. అయితే తడి తగిలితే మెల్లగా కరిగిపోతుంది. అందుకే ఇప్పుడు కొందరు గ్లాస్ అయానమర్ సిమెంటో, ఖరీదెక్కువైన ఎంటీఏ అనే మరో రకం సిమెంటో వాడుతున్నారు. ఏది మంచిదని నన్నడిగితే, మందు కంటే మూతే ముఖ్యమంటాను. మందేమీ లేకుండా అడుగున ఉత్త మైనం పెట్టి, పైన బాగా మూసి చూసిన పరిశోధనల్లో కూడా బ్యాక్టీరియా బాగా తగ్గింది మరి!

కాబట్టి ఆ సిమెంట్ పర్మనెంటా, టెంపరరీనా అని మీ డాక్టరు గారిని అడగండి. టెంపరరీ అయితే నొప్పి పోయింది కదా అని, పరీక్షలైపోనీ అని వాయిదా వేయకండి, మనవాళ్లు ఎక్కువగా చెడేది అక్కడే. అంచున సందు పడిందంటే లోపల నీరసించినవాటికి మళ్లీ భోజనం వడ్డించినట్టే.

చల్లటిది తగిలి జివ్వుమని వెంటనే తగ్గిపోతుంటే కొన్నాళ్లు చూడొచ్చు. వేడి టీ తాగాక సలుపు ఆగకపోయినా, రాత్రి దానంతటదే నొప్పి లేచినా, కొరికితే నొప్పెట్టినా, చిగురు వాచినా మాత్రం ఆగకుండా వెళ్లండి, అప్పుడు రూట్ కెనాలే కావాల్సి రావచ్చు. ఏ బాధా లేకపోయినా ఆరు నెలలకో ఏడాదికో ఒక ఎక్స్‌రే తీయించండి, నరం చల్లగా చచ్చిపోయినా ఒక్కోసారి నొప్పే తెలియదు.